స్నానపుగది టైల్సు పని చెడినప్పుడు

గ్రామములలో గడచిన పది పన్నెండేండ్లలో స్నానపుగదులును, మరుగుదొడ్లును విరివిగా లేచినవి. 2014 అక్టోబరు 2వ తేదీన ప్రారంభమైన స్వచ్ఛభారత్ కార్యక్రమము క్రింద అర్హతగల గ్రామీణ కుటుంబములకు మరుగుదొడ్డి నిర్మాణమునకై 12,000 రూపాయల ప్రోత్సాహకము ఏర్పాటయ్యెను. ఆ మొత్తముతో గోడలు, కప్పు, గుంట సమకూరినవి. తరువాత కొంతకాలమునకు ఇంటివారు తమ సొంత సొమ్ము చేర్చి, గరుకు గచ్చు తీయించి, టైల్సు పరపించుకొనుచున్నారు. ఇది మంచి పరిణామమే. టైలు పరచిన గది కడుగుట సులభము; పాచి పట్టదు; దుర్గంధము తక్కువ.

కాని టైల్సు పని మన మేస్త్రీలలో చాలమందికి క్రొత్తది. తాండూరు బండలు, కడప బండలు పరచుటలో చేయి తిరిగినవారు గ్రామగ్రామమున కలరు. బండ దళసరియైనది, దాని అడుగున మాలు కొంత తక్కువ పడినను బండ బరువునకు బండ నిలుచును. టైలు పలక అట్టిది కాదు. దాని మందము మూడవ వంతు అంగుళమునకు అటునిటు. అడుగున అరచేయంత ఖాళీ ఉన్నను, నిండు బిందె దించినప్పుడో, బట్టలుతుకు బండ ఒరిగినప్పుడో అది పగులును. బండ పనిలో చెల్లిపోయిన అలవాట్లు టైల్సు పనిలో చెల్లవు. తగవులు పుట్టుచున్నది ఇచ్చటనే.

ఇంటివాడు కూలి నిలుపును. మేస్త్రీ సభ్యుని ఇంటి అరుగు ఎక్కును. ఒకరు "నా సొమ్ము మన్నుపాలయ్యెను" అందురు. రెండవవారు "నా చెమటకు విలువ లేదా" అందురు. ఇద్దరి మాటయు నిజముగనే తోచును. ఇంటివాడు పెట్టిన సొమ్ము పొగాకుపై వచ్చినదో, పాలపై కూడబెట్టినదో, మహిళా సంఘములో తీసిన అప్పో అయియుండును. మేస్త్రీ సంగతియు అంతియే. వారము దినముల కూలి నిలిచినచో వాని ఇంట పొయ్యి వెలుగుట కష్టము. ఇట్టి తగవు నోటిమాటలపై తీర్చబూనుట తగదు. గదియే సాక్షి. పంచాయతీ సభ్యుడు ఇరువురను వెంటబెట్టుకొని పోయి గది చూడవలయును. చూచుటకు ఏమి చూడవలయునో ఎరిగియుండవలయును. అది ఎరిగినచో పది తగవులలో తొమ్మిది గది గుమ్మమునొద్దనే తీరును.

ముందుగా ఒక హెచ్చరిక. గ్రామ పంచాయతీ న్యాయస్థానము కాదు. కూలి తగవులో తీర్పు చెప్పుటకు గాని, జరిమానా వేయుటకు గాని దానికి అధికారము లేదు. సభ్యుడు చేయగలిగినది మధ్యవర్తిత్వము. అదియు ఉభయుల సమ్మతిపైననే. మేస్త్రీ పనిముట్లు లాగికొని ఇంటిలో పెట్టుట, వానిని ఊరు దాటనీయకుండుట, వాని కులపెద్దలను పిలిపించి అవమానించుట నేరములకు దారితీయు పనులు. తాపీ, రసమట్టము, టైల్సు కోయు యంత్రము, ఇవి వాని జీవనాధారములు. వాటిని పట్టియుంచినవాడు న్యాయము తనవైపున్నను దానిని పోగొట్టుకొనును.

నాలుగు పరీక్షలు

మొదటిది చప్పుడు పరీక్ష. పని పూర్తియైన మూడు నాలుగు దినముల తరువాత, మాలు గట్టిపడిన పిమ్మట, ఒక కర్రపిడితో గాని, రూపాయి బిళ్ళతో గాని ప్రతి పలకను నడుమను, నాలుగు మూలలను మెల్లగా తట్టవలెను. నిండుగా అతికిన పలక ముద్దగా పలుకును. అడుగున ఖాళీ ఉన్నది డప్పువలె డొల్లగా మ్రోగును. డొల్లగా మ్రోగిన ప్రతి పలకపై సుద్దతో గుర్తు పెట్టి లెక్కింపవలెను. తొందరలో ఉన్న మేస్త్రీలు పలక వెనుక నాలుగు మూలలకు నాలుగు ముద్దలు, నడుమ ఒక ముద్ద పెట్టి గోడకు నొక్కుట కద్దు. మాలు పలక వెనుకనంతటను పరచుకొనవలెనే గాని ముద్దలపై నిలువరాదు. ముద్దల నడుమనున్న ఖాళీలలో నీరు చేరును. చీమలు, బొద్దింకలు గూడు కట్టును. కొళాయికై రంధ్రము చేయబోయిననాడు పలక చిట్లును. గోడపై ఎత్తున నున్న పలక ఒక్క మూల మాత్రమే డొల్లగా పలికినచో దానిని తప్పుగా ఎంచి పగులగొట్టించుట కఠినమని ఈ వ్యాసకర్త అభిప్రాయము. నేలపై పలక మాత్రము ఒక్కటి డొల్లగా ఉన్నను విడువరాదు.

రెండవది నీటి పరీక్ష. అన్నిటిలో ముఖ్యమైనది ఇదియే. నీరు పోవు జాలికి ఎంత దూరమున మూల ఉన్నదో ఆ మూలనుండి రెండు బకెట్ల నీరు ఒక్కసారిగ గుమ్మరించి, పావుగంట ఆగి చూడవలెను. నేల తడిగా ఉండుట సహజము. అరచేతికి మించిన మడుగు ఎక్కడనైన నిలిచినచో అక్కడ వాలు లేదని అర్థము. నీరు గుమ్మమువైపు నడచినచో తప్పు ఇంకను పెద్దది. అట్టి గదిలో స్నానము చేసిన ప్రతిసారి ప్రక్కగది తడియును. స్నానపుగది నేలకు అయిదడుగుల పొడవునకు ఒక అంగుళము చొప్పున వాలు ఉన్నచో చాలును. ఇంతకు మిక్కిలి తగ్గినచో నీరు సాగదు. మిక్కిలి హెచ్చినచో సబ్బునీటిపై కాలు జారును. ప్రక్కగది నేలకంటె స్నానపుగది నేల ఒక అంగుళమైనను పల్లముగా ఉండవలెను. కొందరు గోళీ దొర్లించి వాలు చూచెదరు. గోళీ సందులలో పడి త్రోవ తప్పును; దానిని నమ్మరాదు. నీరు అబద్ధమాడదు.

వాలు తప్పిన నేల ఇంటివాని సొమ్ముకు మాత్రమే నష్టమని తలపరాదు. నిలిచిన నీటిపై సబ్బు తేలియుండును. చీకటితో లేచి కాలుపెట్టు ముసలివారు, గర్భిణులు జారిపడిన ప్రమాదములు మన గ్రామములలో అందరు ఎరిగినవే. తుంటి ఎముక విరిగిన వృద్ధురాలు మరల నడచుట ఎంత కష్టమో చెప్పనక్కరలేదు. ఇంటి గోడలు మట్టివైనచో మరియొక ప్రమాదము కలదు. గచ్చు అడుగునుండి ఊరిన నీరు మట్టిగోడ పాదును నానబెట్టును. వానకాలము వచ్చునప్పటికి గోడ కూలుటకు సిద్ధముగ నుండును. ప్రక్కయింటి ఉమ్మడిగోడ నానినచో తగవు రెండు ఇండ్ల నడుమకు ప్రాకును.

మూడవది మట్టము చూచుట. ఆరడుగుల సరళమైన బద్దను గోడపై అడ్డముగను, నిలువుగను ఆనించి, వెలుతురు సందులలో ఎంత కనబడుచున్నదో చూడవలెను. రెండు మీటర్ల బద్ద క్రింద మూడు మిల్లీమీటర్లకు మించిన ఎడము ఉండరాదని నిర్మాణ రంగమున సాధారణముగ పాటించు కొలత. తూకపు గుండు వ్రేలాడదీసినచో గోడ నిలువు తెలియును. ప్రక్కప్రక్క పలకల అంచులు ఒకటి పైకి, ఒకటి క్రిందికి ఉన్నచో గోటితో తడిమినంతనే తెలియును. గోడపై అది కంటికి మాత్రమే బాధ. నేలపై కాలివ్రేళ్ళకు బాధ.

నాలుగవది సందులు. పలకను పలకకు ఎడము లేకుండ అదిమి పెట్టుట పనితనమని మన ప్రాంతమున ఒక భ్రమ కలదు. అది పనితనము కాదు. ఎండకు, తేమకు పలకలు రవ్వంత సాగును. సాగుటకు చోటు లేనప్పుడు ఒకదానినొకటి నెట్టుకొని, ఒక వేసవి మధ్యాహ్నము పెద్ద చప్పుడుతో నడుమ పలకలు గుడారమువలె లేచును. రెండు మిల్లీమీటర్ల సందైనను విడిచి, పలకలు పరచిన మరునాటికి గాని సందుల పొడిని నింపరాదు. సందులలో గుండుసూది దూర్చినచో అది లోనికి పోరాదు. పోయినచో పొడి పైపైననే పులిమినట్లు.

తప్పు ఎవరిది?

పరీక్షలవలన తప్పు ఉన్నదని తెలియును. అది ఎవరిదో తెలియదు. ఈ భేదమును గమనింపక తీర్చిన తగవులు మరల రేగును.

ఇంటివారు తెచ్చిన సామాను తప్పైయుండవచ్చును. గోడకై చేయబడిన నునుపైన పలకలను, చవుకగా వచ్చినవని నేలపై పరపించినచో, కాలు జారుటకు మేస్త్రీ ఏమి చేయును? అయినను ఆ పలకలు నేలకు పనికిరావని చెప్పుట వాని ధర్మము. చెప్పినను ఇంటివారు వినలేదని తేలినచో వాని తప్పు లేదు. మన దుకాణములకు వచ్చు టైల్సులో చాలభాగము గుజరాతులోని మోర్బీనుండి వచ్చునవి. ప్రతి పెట్టెపై తయారీ వరుస సంఖ్య, రంగు ఛాయ సంఖ్య ముద్రింపబడియుండును. పెట్టెలన్నిటిపై ఆ సంఖ్యలు ఒక్కటియే కానిచో, గోడ పూర్తియైన తరువాత ఒక ప్రక్క తెలుపు, ఒక ప్రక్క మీగడరంగు కనబడును. పెట్టెలు విప్పకముందు సంఖ్యలు చూడవలసినవారు ఇంటివారు; విప్పిన తరువాత నాలుగు పెట్టెలను కలిపి పరచి చూడవలసినవాడు మేస్త్రీ. సిమెంటు కూడ మూడు మాసములకు మించి నిలువయున్నచో బలము తగ్గును; బస్తాలో గడ్డలు కట్టిన సిమెంటును జల్లించి వాడుమని ఇంటివారే పోరుట కద్దు. సముద్రతీర గ్రామములలో ఉప్పుకయ్య నీటితో మాలు కలిపినప్పుడు సందులనుండి తెల్లని ఉప్పు పొంగును. ఆ నీరు ఇచ్చినది ఎవరో విచారింపవలెను.

ప్లాస్టరింగు చేసినవాని తప్పును టైల్సు మేస్త్రీపై రుద్దుటయు కద్దు. గోడయే వంకరయైనప్పుడు మాలు ఒకచోట అంగుళము, ఒకచోట అంగుళమున్నర పడును. దళసరి మాలు ఎండి కుదించుకొని పలకను విడుచును. వంకర గోడను చూచి, "ముందు దీనిని సరిచేయింపుడు" అని చెప్పక పని మొదలిడిన మేస్త్రీకి ఆ తప్పులో పాలు కలదు. గొట్టములు బిగించినవాని తప్పు మరియొకటి. టైలు అడుగున గొట్టపు అతుకు కారుచున్నచో ఎంత చక్కగా పరచిన పలకయైనను నిలువదు. కావున టైల్సు పరచక మునుపే నీరుపోవు రంధ్రమును గుడ్డతో బిగించి, నేలపై రెండంగుళముల నీరు నిలిపి, ఒక రాత్రి ఒక పగలు ఉంచి చూడవలెను. గోడపై నీటిమట్టమును పెన్సిలుతో గుర్తింపవలెను. ఎండకు కొంత నీరు ఆవిరియగును గదా! ప్రక్కనే ఒక వెడల్పు పళ్ళెములో అంతే లోతు నీరు పోసియుంచినచో ఆవిరి లెక్క తెలియును. గదిలో నీరు పళ్ళెములో కంటె ఎక్కువ తగ్గినచో అది భూమిలోనికి పోయినదే.

మేస్త్రీ తప్పనుటకు సందేహము లేనివియు కలవు. సున్నము వేసిన పాత గోడను ఉలితో గాట్లు పెట్టకయే దానిపై పలక అతికించుట వానిలో మొదటిది. సున్నపు పొరకు పట్టు లేదు. పలక సున్నముతో సహా ఊడివచ్చును. ఊడిన పలక వెనుక తెల్లని పొర అంటియుండుటయే దానికి నిదర్శనము. గోడకు వాడు సాధారణ సిరామిక్ పలక నీటిని బాగుగా పీల్చునది. దానిని నీటిలో బుడగలు ఆగువరకు నానవేయక అతికించినచో అది మాలులోని తేమను లాగికొని మాలును పొడిచేయును. విట్రిఫైడ్ అనబడు పలకల సంగతి వేరు. అవి నీటిని దాదాపు పీల్చవు. నూటికి అరపాలు కంటె తక్కువ. వాటిని నానవేయుటవలన ఫలము లేదు. వట్టి సిమెంటు పాలు వాటి నునుపు వెన్నును గట్టిగా పట్టదు. వాటికి అడ్హెసివ్ అనబడు జిగురుపొడి వాడవలెను. ఆ పొడికి భారత ప్రమాణ సంఖ్య 15477 కలదు, బస్తాపై చూడవచ్చును. జిగురుపొడి ధరకు ఇంటివారు ఒప్పుకొననిచో మేస్త్రీ ఆ మాట సాక్షులయెదుట చెప్పియుండవలెను. కలిపిన మాలును గంటల తరబడి ఉంచి మరల నీరు చిలికి వాడుటయు అట్టిదే. అరగంట, ముప్పావుగంటలో ముగియునంతయే కలుపుకొనవలెను.

ఏ షరతుపై పనికి పిలిచిరన్నదియు విచారింపదగినది. రోజుకూలిపై పిలిచి, ఇంటివారే ప్రక్కన నిలిచి ఇట్లు చేయుము, అట్లు చేయుమని నడిపించినచో ఫలితమునకు వారును బాధ్యులగుదురు. చదరపు అడుగునకు ఇంత అని మాట్లాడుకొన్నచో పని ఫలితము మేస్త్రీ బాధ్యత. కాని అందులో తొందరకు తావు ఎక్కువ. ఎన్ని అడుగులు ముగిసినచో అంత రాబడి గదా.

లెక్క కుదుర్చుట

ఒక ఉదాహరణము తీసికొందము. కూలి రేట్లు, సామాను ధరలు ఊరూరికి మారును గనుక ఇందలి అంకెలను లెక్క తెలియుటకు మాత్రమే గ్రహింపవలెను. గది పొడవు 6 అడుగులు, వెడల్పు నాలుగున్నర. నేల 27 చదరపు అడుగులు. గోడలు ఏడడుగుల ఎత్తు వరకు, తలుపు పోగా, సుమారు 130. మొత్తము 157 చదరపు అడుగులు. అడుగునకు 40 రూపాయల చొప్పున కూలి 6,280 రూపాయలు. ఇంటివారు 4,000 ఇచ్చిరి, 2,280 నిలిచినది. గోడలు చక్కగానున్నవి. నేల వాలు తప్పినది. నీరు గుమ్మమునకు నడచుచున్నది.

ఇంటివారు నిలిచిన సొమ్మంతయు ఇయ్యమందురు. మేస్త్రీ అంతయు ఇమ్మనును. రెండును సరికావు. 130 అడుగుల గోడపని బాగున్నది. దాని కూలి వాని కష్టార్జితము. నేల విషయమున వానికి మొదట ఇయ్యవలసినది తన తప్పును తానే దిద్దుకొను అవకాశము. ఇది దయ మాత్రమే కాదు, తెలివియు. క్రొత్త పలకలకు 1,350, సిమెంటు, ఇసుక, సందుల పొడికి 700, మొత్తము 2,050 రూపాయలు నిలిచిన కూలినుండి వెచ్చించి ఇంటివారు సామాను తెచ్చినచో, మేస్త్రీ నేల పగులగొట్టి మరల పరచును. నీటి పరీక్ష అయిన పిదప 230 రూపాయలు వానికి చెల్లును. వానికి రెండు దినముల శ్రమ నష్టము. ఇంటివారికి ఆ రెండు దినముల అసౌకర్యము. అంతటితో ముగియును.

మేస్త్రీ రాననినచో మరియొకనిని పిలువవలెను. చిన్నపని గనుక అతడు అడుగునకు 50 అడుగును, కూలి 1,350. పగులగొట్టి రాళ్ళు ఎత్తుటకు 800. సామాను అంతయే 2,050. మొత్తము 4,200. నిలిచిన 2,280 చాలదు. 1,920 రూపాయలు మొదటి మేస్త్రీయే తిరిగి ఇయ్యవలసియుండును. అది రాబట్టుట ఎంత కష్టమో సభ్యులకు తెలియనిది కాదు. ఈ లెక్కను మేస్త్రీ ఎదుట నేలపై సుద్దతో వ్రాసి చూపినచో, అతడు మరలివచ్చి తానే దిద్దుటకు సాధారణముగ ఒప్పుకొనును.

అంగీకారము కుదిరినచో దానిని కాగితముపై ఎక్కింపవలెను. ఏ ఏ పలకలు, ఎన్ని, ఎవరి సామాను, ఏ తేదీలోపల, ఏ పరీక్షపై మిగిలిన సొమ్ము చెల్లును, ఇంతవరకు చాలును. పగులగొట్టకముందు లోపములున్న చోట్లను సుద్ద గుర్తులతో సహా ఫోటోలు తీయించి ఉంచవలెను. గడువు సాధారణముగ పదునైదు దినములు ఇయ్యవచ్చును. పెండ్లిండ్ల ముహూర్తములు, నాట్లు, కోతల కాలమైనచో కొంత హెచ్చింపవచ్చును. లోపమును చూచియు మాసముల తరబడి నీరు కారనిచ్చి, గోడ నానిన తరువాత అంతయు మేస్త్రీపై వేయుట చెల్లదు. 1872వ సంవత్సరపు భారత కాంట్రాక్టు చట్టము 73వ విభాగము, ఒప్పందము తప్పినవానినుండి నష్టపరిహారము ఇప్పించుచునే, నష్టము పెరుగకుండ చూచుకొను మార్గములు నష్టపోయినవానికి కలవా అని కూడ పరిగణింపవలెనని చెప్పుచున్నది.

పై వారి వద్దకు పోవలసినచో

ఒప్పందము కుదరనిచో చాలమంది తిన్నగా పోలీసు ఠాణాకు పోవుదురు. పని చెడినంత మాత్రమున అది మోసము కాదు; మొదటినుండియు మోసగించు తలంపుతో సొమ్ము తీసికొన్నాడని తేలినప్పుడే నేరము. ఠాణాలో కాలము పోవుటయే గాని పలక అతుకదు.

తగిన స్థలములు రెండు. ఒకటి మండల న్యాయసేవల కమిటీ, దానిద్వారా లోక్ అదాలత్. 1987వ సంవత్సరపు న్యాయసేవల ప్రాధికార సంస్థల చట్టము క్రింద లోక్ అదాలత్‌లో ఉభయులు ఒప్పుకొన్న పరిష్కారము సివిలు కోర్టు డిక్రీతో సమానము. దానిపై అప్పీలు లేదు. న్యాయసహాయమునకు 15100 అను టెలిఫోను సంఖ్య కలదు. రెండవది జిల్లా వినియోగదారుల కమిషన్. సొమ్ము తీసికొని చేసిన సేవలో లోపము వినియోగదారుల వివాదమగును. గృహనిర్మాణము సేవయేనని లక్నో అభివృద్ధి సంస్థ వ్యవహారములో 1993లోనే సర్వోన్నత న్యాయస్థానము చెప్పెను. 2019వ సంవత్సరపు వినియోగదారుల రక్షణ చట్టములోను గృహనిర్మాణము సేవల వరుసలో చేర్చబడినది. కాని స్వంత ఆజ్ఞపై రోజుకూలికి పనిచేసిన వానిపై ఈ చట్టము వర్తించుట కష్టము. పని మొత్తమును ఒప్పుకొన్న వానికే వర్తించును. చెల్లించిన సొమ్ము 5 లక్షలు మించనిచో రుసుము లేదు. లోపము కలిగిన రెండేండ్లలోపల, తాము నివసించు జిల్లాలోనే ఫిర్యాదు చేయవచ్చును. అంతకు ముందు 1915 సంఖ్యకు టెలిఫోను చేసి సలహా పొందవచ్చును. కాగితములేని వానికి ఈ రెండు స్థలములలోను చేయి ఆడదు. అయినను రెండు వేల రూపాయల తగవునకు జిల్లా కేంద్రమునకు నాలుగుసార్లు బస్సు ఎక్కుట లాభమా అని ముందుగనే ఆలోచించుకొనవలెను.

పనికి ముందు

ఇంటివారు పనికి పిలుచుటకు మునుపు సలహాకై వచ్చినప్పుడు సభ్యులు చెప్పదగిన మాట, మేస్త్రీ పరచిన మరియొక స్నానపుగదిని, అదియు కనీసము ఒక వానకాలము గడచినదానిని, చూచి రమ్మనుట. క్రొత్తగది అందముగానే ఉండును. కూలి నాలుగు విడతలుగా పంచుకొనుట మేలు. పై ఉదాహరణములో నాలుగవ వంతు బయానా, గోడలు ముగిసినప్పుడు మరియొక నాలుగవ వంతు, నేల నీటి పరీక్షలో నెగ్గినప్పుడు నూటికి 40 వంతులు, పదునైదు దినముల తరువాత చప్పుడు పరీక్షపై మిగిలిన పది ఇచ్చుకొన్నచో, నేల చెడిన దినమున ఇంటివారి చేతిలో 2,280 కాక 3,140 రూపాయలు ఉండెడివి. ఇందు మేస్త్రీ పక్షమున ఒక షరతు ఉండవలెను: గోడలు ముగిసిన తరువాత సామాను లేదని ఇంటివారు నేలపనిని వారముల తరబడి ఆపినచో, గోడల కూలి పూర్తిగా చెల్లింపవలెను. గోడ అడుగు వరుసను మాత్రము నేల పరచిన తరువాత పెట్టుమనవలెను. ఆ వరుస నేల పలకల అంచుపై కూర్చున్నప్పుడు గోడవెంట కారిన నీరు పలకల వెనుకకు పోదు.

తెలివైన యువ మేస్త్రీలను ఈ పనిలో శిక్షణకు పంపుట పంచాయతీలకు చెల్లును. హైదరాబాదులోని జాతీయ నిర్మాణ అకాడమీ నిర్మాణ కార్మికులకు శిక్షణ ఇచ్చుచున్నది. ఒక్క మేస్త్రీ నేర్చివచ్చినచో చుట్టుప్రక్కల అయిదారు ఊళ్ళ గదులు బాగుపడును.

పాఠశాలలలోను, అంగన్‌వాడీలలోను, సామూహిక మరుగుదొడ్లలోను పంచాయతీయే ఇంటి యజమాని. అచ్చట కంట్రాక్టరు, ఇంజనీరు, కొలతల పుస్తకము ఉన్నవని సభ్యులు నిశ్చింతగా ఉండరాదు. కొలతల పుస్తకములో చదరపు అడుగులు ఎక్కును, వాలు ఎక్కదు. తుది బిల్లుపై తీర్మానము చేయకముందు ఇద్దరు సభ్యులు, ప్రధానోపాధ్యాయుడు, ఇంజనీరు కలిసి రెండు బకెట్ల నీరు గుమ్మరించి చూచి, ఫలితమును తేదీతో మినిట్సు పుస్తకమున వ్రాయింపవలెను. లోపముల బాధ్యతా కాలమని ఒప్పందములో వ్రాసియున్న గడువు ఎన్నడు ముగియునో కూడ ఆ పుస్తకముననే వ్రాసికొనవలెను. ఆ గడువు ముగియుటకు ఒక నెల ముందుగా గదులను మరల తట్టి చూచి, డొల్లగా పలికిన పలకల సంఖ్యను కంట్రాక్టరుకు లిఖితపూర్వకముగా తెలిపినచో అతడు తన ఖర్చుతో దిద్దవలసియుండును. గడువు దాటిన మరునాడు అదే పలకకు పంచాయతీ నిధినుండి సొమ్ము తీయవలసివచ్చును. మిగిలిన టైల్సు పెట్టెను, దానిపై ముద్రించిన సంఖ్యలతో సహా, పాఠశాల సామానుల గదిలోనే భద్రపరచవలెను. మూడేండ్ల తరువాత అదే ఛాయ దుకాణములో దొరకదు.